దూరాన ఉన్న గెస్ట్ గొంతు రేడియోలో బాగా రావాలంటే రికార్డింగ్ గెస్ట్ దగ్గరే జరగాలి

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీ కమ్యూనిటీ రేడియోలో వారానికి అరగంట టెక్నాలజీ కార్యక్రమం చేస్తున్నారు. గెస్టులు హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఒకరు డల్లాస్‌లో ఉన్నారు. ఇప్పటిదాకా ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, స్టూడియో మైకు ముందు పెట్టి రికార్డు చేస్తున్నారు. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుందని వినేవాళ్ళు అంటున్నారు. చేతిలో పది, పన్నెండు వేలున్నాయి. ఫోన్ హైబ్రిడ్ (ఫోన్ లైన్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే పరికరం) ఉన్న మిక్సర్ కొనాలా, లేక జూమ్‌కి మారితే సరిపోతుందా?

మిక్సర్ కొనకండి. జూమ్‌కి మారినా సగం సమస్య అలాగే మిగులుతుంది. నేను విజయనగరంలో ఉంటాను, చాలా ఏళ్ళుగా ఇలాంటి చిన్న స్టేషన్ల రికార్డింగు, ఎడిటింగు చూస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే. ఫోనూ, నెట్టూ మాట్లాడుకోవడానికి వాడండి. రికార్డింగ్ మాత్రం ఎవరి గొంతు వాళ్ళ దగ్గరే జరగనివ్వండి. తర్వాత గెస్ట్ తన ఫైల్ పంపిస్తారు, మీరు రెండూ పక్కపక్కన పెట్టి కలుపుతారు. దీన్ని డబుల్ ఎండర్ అంటారు. పాత పద్ధతే. దీనికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

ముందు గొంతు ఎక్కడ పాడవుతోందో చూద్దాం. మామూలు ఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్నే పంపిస్తుంది (శబ్దం ఎంత సన్నగా ఉంటే ఈ అంకె అంత పెద్దది). ఎఫ్ఎం రేడియో 15 వేల హెర్ట్జ్ దాకా మోయగలదు. అంటే మీ ట్రాన్స్‌మిటర్‌కి ఉన్న సత్తాలో పావు వంతు కూడా ఆ గొంతు వాడుకోవడం లేదు. పైగా "స", "ఫ" లాంటి శబ్దాలు ఒకదానికొకటి తేడాగా వినపడేది ఎక్కువగా ఆ 3400కి పైనే. కథలు చెప్పే కార్యక్రమమైతే ఎలాగో నెట్టుకురావచ్చు. మీది టెక్నాలజీ కార్యక్రమం, నిండా పొడి అక్షరాలే. యూపీఐ, ఓటీపీ, ఎస్ఎస్‌డీ, పీడీఎఫ్ అంటుంటారు. ఫోన్‌లో ఎఫ్‌కీ ఎస్‌కీ తేడా తెలియదు, టీ, పీ, డీ, బీ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూసో, సందర్భాన్ని బట్టో మనం సర్దుకుంటాం. పొలంలో రేడియో పెట్టుకుని విన్నవాళ్ళకి ఆ వీలు లేదు.

వోల్టీ కాల్, అంటే 4జీ నెట్‌వర్కు మీదుగా వెళ్ళే ఫోన్ కాల్, అయితే కాస్త నయం. రెండు వైపులా, మధ్యలో నెట్‌వర్కు అంతటా కుదిరితే 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది. కుదరకపోతే చెప్పాపెట్టకుండా పాత క్వాలిటీకి దిగిపోతుంది. అరగంట ఇంటర్వ్యూలో మధ్యలో గొంతు మారిపోతే ఎడిటింగ్‌లో చేసేదేమీ ఉండదు.

నెట్ కాల్‌లో గొంతు వెడల్పుగానే వస్తుంది, కానీ అక్కడ వేరే తంటా ఉంది. గొంతు చిన్న చిన్న డేటా ముక్కలుగా (ప్యాకెట్లు) వెళ్తుంది, దారిలో వాటిలో కొన్ని పోతే యాప్ ఆ ఖాళీని ఊహించి పూడుస్తుంది. చుట్టూ ఉన్న చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ మాట చివర నెమ్మదించిన గొంతుని కూడా చప్పుడే అనుకుని కోసేస్తుంది. తెలుగులో వాక్యం ప్రాణమంతా చివరి క్రియలో ఉంటుంది కదా. సైబర్ మోసాల గురించి చెబుతూ గెస్ట్ "ఆ లింకు నొక్కొద్దు" అన్నారనుకోండి. చివర తెగితే అది "నొక్కొచ్చు" అన్నట్టు వినపడినా ఆశ్చర్యం లేదు. ఇంకేమన్నా ఉందా!

జూమ్ గురించి ఒక అపోహ కూడా చాలామందికి ఉంది. అందులో ఒక్కొక్కరి ఆడియో వేరే ఫైల్‌గా సేవ్ చేసే సెట్టింగ్ ఉంది కాబట్టి అదే డబుల్ ఎండర్ అనుకుంటారు. కాదు. ఫైళ్ళు విడివిడిగా ఉంటాయి నిజమే, కానీ గెస్ట్ గొంతు నెట్ మీదుగా మీ దాకా వచ్చాకే రికార్డయింది. దారిలో తెగింది తెగినట్టే ఉంటుంది. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగ్ ఆగిపోతుందన్నది కూడా గుర్తుంచుకోండి. జూమ్ వాడాల్సి వస్తే "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేయించండి, అది చప్పుడు కోసే పనిని తగ్గిస్తుంది.

ఇక గెస్ట్ వైపు ఏం కావాలో చెబుతాను. అసలు పనంతా అక్కడే ఉంది.

రెండు పరికరాలు కావాలి. ఒకదానిలో కాల్, ఇంకోదానిలో రికార్డింగ్. ఒకే ఫోన్‌లో వాట్సాప్ కాల్ నడుస్తుండగా వాయిస్ రికార్డర్ కూడా ఆన్ చేస్తే చాలని అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో అలా కుదరదు. కాల్‌లో ఉన్న యాప్‌కే మైకు దక్కుతుంది, రికార్డర్‌కి నిశ్శబ్దం అందుతుంది. రికార్డర్‌లో సెకన్లు తిరుగుతూనే ఉంటాయి, ఫైల్ కూడా వస్తుంది, తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు. ఐఫోన్‌లోనూ కాల్ మధ్యలో వాయిస్ మెమోస్ పనిచేయదు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో కాల్, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టమనండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఇంట్లోవాళ్ళ ఫోన్ ఒకటి అరగంట అడిగి తీసుకోమనండి.

రికార్డు చేసే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి. లేకపోతే సరిగ్గా మంచి మాట దగ్గరే లోన్ కావాలా అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఫోన్‌లో కనీసం ఒక జీబీ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోమనండి. రికార్డర్ సెట్టింగ్స్‌లో శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫార్మాట్ ఉంటే అది, లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ క్వాలిటీ. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో వేవ్ ఫైల్ నిమిషానికి 6 ఎంబీకి కొంచెం తక్కువ, అరగంటకి 173 ఎంబీ దాకా వస్తుంది. అంత పెద్ద ఫైల్ పంపడం కష్టమంటే కుదించి దాచే ఎం4ఏ (M4A) ఫార్మాట్ 128 కేబీపీఎస్‌లో చాలు, అరగంటకి 29 ఎంబీ. మాట వరకు పెద్ద తేడా తెలియదు.

గెస్ట్ చెవిలో వైరున్న ఇయర్‌ఫోన్ ఉండి తీరాలి, దాని వైరు కాల్ నడుస్తున్న పరికరానికి. మీ గొంతు స్పీకర్‌లోంచి వస్తే అది ఆయన రికార్డింగ్‌లోకి దూరుతుంది, ఇక దాన్ని విడదీయలేరు. మెడకి వేసుకునే బ్లూటూత్‌వి వద్దు. బ్లూటూత్ మైకు వాడగానే అది కాల్ మోడ్‌లోకి వెళ్ళి గొంతు ఇరుకైపోతుంది. కాల్‌కే కదా వాడేది అనిపించొచ్చు. కానీ మీ దగ్గర బ్యాకప్‌గా ఉండేది ఆ కాల్ రికార్డింగే.

ఫోన్ మైకు సాధారణంగా కింది అంచున ఉంటుంది. ఆ అంచు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే "ప", "ఫ" అన్నప్పుడల్లా గాలి తగిలి ఢబ్‌మంటుంది. చేత్తో పట్టుకోవద్దు, రాపిడి వినిపిస్తుంది. రాజాం వైపు పంపుసెట్లకి మొబైల్ స్టార్టర్లు బిగించే మెకానిక్ ఒకాయన్ని ఇలాగే దూరం నుంచి రికార్డు చేశాం. ఆయన ఫోన్‌ని రేకుల బల్ల మీద పెట్టి, ప్రతి పాయింటుకీ వేలితో బల్లని కొట్టి మరీ చెబుతున్నాడు. ఒక్కో దెబ్బా ఫోన్‌లోకి పిడుగులా దిగుతోంది. భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు వేసి ఫోన్ కింద పెట్టమన్నాం. దెబ్బలు ఆగలేదు గానీ చప్పుడు ఆగింది. చివర్లో స్టార్టర్‌కి కాల్ చేసి, అందులోని రిలే (కరెంటు కలిపే స్విచ్చు) టక్‌మని పడే శబ్దం దగ్గర నుంచి వినిపించాడు. సిమ్ కార్డు మోటారుని ఎలా తిప్పుతుందో అంతసేపు మాటల్లో చెప్పినదానికన్నా ఆ ఒక్క టక్ బాగా చెప్పింది. స్టూడియోకి పిలిచి ఉంటే ఆ చప్పుడు దొరికేది కాదు.

గది గురించి గెస్టులు పట్టించుకోరు, మీరే అడగాలి. పరుపు, బట్టలు, కర్టెన్లు ఉన్న పడకగది మంచిది. హాల్లో గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది. ఫ్యాన్ ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఫ్యాన్ ఆపమంటే తిట్టుకుంటారు, అందుకే ఎండాకాలంలో పొద్దున్నే పెట్టుకోండి. డల్లాస్ గెస్ట్‌కీ అదే కలిసొస్తుంది. మనకి ఆదివారం ఉదయం 7 గంటలైతే అక్కడ శనివారం రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారాలు వెనక్కి జరుగుతాయి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మన 7 గంటలకి అక్కడ 7:30. ఈ మార్పు దగ్గర అపాయింట్‌మెంట్లు తప్పడం మామూలే, వారం ముందే మెసేజ్ పెట్టి ఖాయం చేసుకోండి.

మీ చేతిలో ఉన్న డబ్బుతో కొనాల్సింది కాలర్‌కి తగిలించుకునే వైరు మైకు. బోయా బీవై-ఎం1 లాంటిది వెయ్యి రూపాయలకి అటూఇటూగా దొరుకుతుంది, 6 మీటర్ల వైరుతో వస్తుంది. గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్ల కోసం టైప్-సీ రకం ఒకటి కూడా తీసుకోండి. రెండూ చిన్న డబ్బాలో పెట్టి స్పీడ్ పోస్టులో గెస్ట్‌కి పంపండి, పనయ్యాక ఆయన నుంచే తర్వాతి గెస్ట్‌కి వెళ్ళేలా చూడండి. మైకు గడ్డానికి జానెడు కింద తగిలించాలి. మెడలో గొలుసు, ఐడీ కార్డు ఉంటే తీసేయమనండి, మైకుకి తగిలి గలగలమంటాయి. మిగిలిన డబ్బుతో మీ యాంకర్‌కి చెవులు పూర్తిగా మూసే మంచి హెడ్‌ఫోన్స్ కొనండి.

స్టేషన్ వైపు కాల్‌ని ల్యాప్‌టాప్‌లో తీసుకుని ఓబీఎస్ (OBS) అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేయండి. ఉచితం. యాంకర్ మైకుని ఒక ట్రాక్‌లో, కంప్యూటర్‌లో వినిపించే గెస్ట్ గొంతుని ఇంకో ట్రాక్‌లో పెట్టొచ్చు. అడ్వాన్స్‌డ్ అవుట్‌పుట్‌లో ట్రాకులు విడదీయడం మరచిపోవద్దు, మామూలు సెట్టింగ్‌లో రెండూ కలిసిపోతాయి. ఈ గెస్ట్ ట్రాక్ ప్రసారానికి కాదు. గెస్ట్ ఫైల్ రాకపోతే ఆదుకుంటుంది, వస్తే దాన్ని ఎక్కడ అతికించాలో చూపిస్తుంది.

అతికించడం ఇలా. మొదట్లో గెస్ట్‌ని "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా చెప్పి ఒక చప్పట్ కొట్టమనండి, చివర్లో ఇంకోసారి. చప్పట్ ఒక్కటే చాలదా అంటే, కాల్ యాప్ దాన్ని చప్పుడు కింద లెక్కేసి మింగేయొచ్చు, అంకెల్ని అంత తేలిగ్గా మింగలేదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ రెండు ట్రాకులూ, గెస్ట్ పంపిన ఫైలూ తెరవండి. తెర మీద బొమ్మని పెద్దది చేసి "రెండు"లో "డు" దగ్గరో, చప్పట్ దగ్గరో నిటారుగా లేచిన గీత పట్టుకోండి. గెస్ట్ ఫైల్‌ని జరిపి ఆ గీతని కాల్ ట్రాక్‌లోని గీత కిందికి తెచ్చి, రెండూ కలిపి వినండి. ఒకే మనిషి రెండుసార్లు అన్నట్టు వినపడితే ఇంకా కొంచెం జరపాలి, ఒక్క గొంతే అయిపోతే కుదిరినట్టు. అప్పుడు కాల్ ట్రాక్‌ని మ్యూట్ చేయండి. బొంగురు గొంతు పోయి, గెస్ట్ పక్కన కూర్చున్నట్టు వచ్చేస్తుంది. మొదటిసారి అది విన్న వాలంటీరు మళ్ళీ స్పీకర్ ఫోన్ జోలికి పోడు.

చివరి చప్పట్ దగ్గర కొద్దిగా తేడా కనిపిస్తే కంగారు పడొద్దు. రెండు పరికరాల గడియారాలు అచ్చంగా ఒకేలా నడవవు, అరగంటకి సెకనులో పదో వంతు దాకా జరగొచ్చు. మధ్యలో ఎక్కడైనా గెస్ట్ మౌనంగా ఉన్నచోట ముక్క చేసి కాస్త జరిపితే సరి.

యాంకర్‌కి ఒక కష్టమైన నియమం. ఊఁ కొట్టొద్దు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే "ఊఁ", "అవునండి", "అబ్బో" అనడం మన మర్యాద, మానుకోమంటే ఎవరికైనా ఇబ్బందే. కానీ కాల్‌లో ఆలస్యం ఉంటుంది. మీ "ఊఁ" అక్కడికి చేరేసరికి గెస్ట్ తర్వాతి వాక్యంలో ఉంటారు, ప్రశ్న వచ్చిందేమోనని ఆగిపోతారు. వీడియో ఆన్ చేసుకుని తలూపండి. రికార్డింగ్‌కి వీడియో అవసరం లేదు, తలూపడానికే అది. అయినా నోరు ఊరుకోకపోతే, ట్రాకులు విడిగా ఉన్నాయి కాబట్టి తర్వాత తీసేయొచ్చు.

జెన్‌కాస్టర్, రివర్‌సైడ్ లాంటివి బ్రౌజర్‌లోనే ఈ పని చేస్తాయి. గెస్ట్ గొంతుని ఆయన కంప్యూటర్‌లోనే రికార్డు చేసి తర్వాత అప్‌లోడ్ చేస్తాయి. మంచి ల్యాప్‌టాప్, నిలకడైన నెట్ ఉన్న బెంగళూరు గెస్ట్‌కి హాయి. అప్‌లోడ్ పూర్తయ్యేదాకా ట్యాబ్ మూయొద్దని చెప్పండి, "థాంక్యూ, బై" అనగానే మూసేయడం అందరికీ అలవాటు. వీటి ఉచిత ప్లాన్ల షరతులు మారుతూ ఉంటాయి. నేనైతే కార్యక్రమం మొత్తాన్ని వాటి మీద ఆధారపడనివ్వను.

సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట, సీతంపేట ఏజెన్సీ గ్రామాల్లాంటివి అనుకోండి, అసలు కాల్ పెట్టుకోకండి. ప్రశ్నలు ఒక్కొక్కటిగా వాట్సాప్‌లో పంపి వాయిస్ నోట్లలో జవాబులు తెప్పించుకోండి. వాయిస్ నోట్ ముందు ఫోన్‌లో పూర్తిగా రికార్డయ్యాకే వెళ్తుంది, అందుకే సిగ్నల్ వచ్చిపోతున్నా మాట తెగదు. క్వాలిటీ గొప్పగా ఉండదు గానీ మామూలు ఫోన్ లైన్ కన్నా చాలా మెరుగు. ఇంకాస్త బాగా కావాలంటే రికార్డర్ యాప్‌లో తీసి, ఫైల్‌ని ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, వాట్సాప్ దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పంపిస్తుంది. పరిమితి 2 జీబీ, మీకు ఎప్పటికీ చాలు. జవాబులు సందేశాలుగా వచ్చాయని ప్రసారంలో చెప్పేయండి, ఎదురెదురుగా మాట్లాడినట్టు నటించాల్సిన పని లేదు.

లైవ్‌లో ఫోన్ కలపక తప్పని రోజు వస్తే, మీరు అడిగిన హైబ్రిడ్ పని అప్పుడు ఉంటుంది. అక్కడ చూడాల్సింది మిక్స్ మైనస్. అంటే గెస్ట్‌కి అందరి గొంతూ వెళ్ళాలి, తన గొంతు తప్ప. మీ పాత మిక్సర్‌లో ఆక్స్ అవుట్‌పుట్ (ఏ గొంతు ఎంత వెళ్ళాలో విడిగా పెట్టుకోగల అదనపు దారి) ఉంటే దాన్ని ఫోన్‌కి ఇచ్చి, ఫోన్ ఛానల్‌లో మాత్రం ఆక్స్ బటన్ సున్నాలో పెట్టండి. అంతే. వారానికోసారి వచ్చే రికార్డెడ్ కార్యక్రమానికి ఇంత అవసరం లేదు.

ఎడిటింగ్‌లో ఎక్కువ చేయకండి. 80 హెర్ట్జ్ కింద ఉన్న గుయ్‌మనే చప్పుడు హైపాస్ ఫిల్టర్‌తో తీసేయండి, యాంకర్, గెస్ట్ గొంతుల స్థాయి సమానం చేయండి. నాయిస్ రిడక్షన్ మరీ పెంచితే గొంతు లోహంలా మారుతుంది, కాస్త ఫ్యాన్ చప్పుడే నయం. అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసేసి చిన్న రేడియోలోనో, ఫోన్ స్పీకర్‌లోనో ఒకసారి వినండి, మీ శ్రోతలు వినేది అలాగే.

ఒక మాట భాష గురించి. టెక్కలి నుంచి వెళ్ళి పదేళ్ళుగా బెంగళూరులో కోడింగ్ చేస్తున్న మనిషి రేడియో అనగానే పుస్తకాల తెలుగులోకో, పూర్తి ఇంగ్లీషులోకో పారిపోతాడు. మొదటి అయిదు నిమిషాలు ఊరు, బడి, పెద్దమ్మ గారిల్లు అడగండి. ఆ భాగం ప్రసారంలో ఉండకపోయినా పర్వాలేదు. యాస తిరిగొచ్చాక క్లౌడ్ అంటే ఏమిటని అడిగితే మీ శ్రోతకి అర్థమయ్యే జవాబు వస్తుంది. మాట తడబడితే అక్కడి నుంచి కాకుండా వాక్యం మొదటి నుంచి మళ్ళీ చెప్పమని ముందే చెప్పి ఉంచండి, కత్తిరింపు తేలికవుతుంది.

అనుమతి విషయం కూడా చూసుకోండి. రికార్డింగ్ మొదట్లోనే "ఈ సంభాషణ ప్రసారం చేయడానికి నాకు సమ్మతమే" అని గెస్ట్ గొంతులో తీసుకోండి. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ 3 నెలలు దాచాలన్నది కమ్యూనిటీ రేడియో నిబంధన. గెస్ట్ పంపిన అసలు ఫైల్, మీ ట్రాకులు కూడా అదే ఫోల్డర్‌లో తేదీ వేసి పెట్టండి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలన్న నియమం కూడా ఉంది కదా. గెస్టులందరూ ఐటీ కంపెనీలవాళ్ళే కానక్కర్లేదని అది గుర్తు చేస్తుంది. పలాసలో జీడిపప్పు యంత్రాలు బాగుచేసేవాళ్ళు, సోంపేటలో ఫోన్లు విప్పి బిగించే కుర్రాళ్ళు కూడా టెక్నాలజీ గెస్టులే. పైగా వాళ్ళ దగ్గరికి మీ వాలంటీరు మైకు పట్టుకుని బస్సులో వెళ్ళి రావచ్చు.

తుఫాను రోజుల్లో ఈ పద్ధతి విలువ ఇంకా తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్ళు లేదో మీకు చెప్పనక్కర్లేదు. మీ వైపు నెట్ పోయినా గెస్ట్ ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది. కాల్ తెగితే రికార్డింగ్ ఆపొద్దని, అలాగే ఉంచి మళ్ళీ కలిసేదాకా ఆగమని గెస్ట్‌కి ముందే చెప్పండి. స్టేషన్ ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ అయి ఉండాలి, పక్కన హాట్‌స్పాట్‌కి వేరే నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్ ఒకటి ఉండాలి.

డల్లాస్ గెస్ట్‌తో మొదలుపెట్టకండి. ముందు హైదరాబాద్ గెస్ట్‌తో అయిదు నిమిషాల ట్రయల్ చేసి, ఆ ఫైల్ తెప్పించి, అతికించి చూడండి. ఎక్కడైనా చిక్కుపడితే మీ మూడు ట్రాకుల్లోంచి ఒక్కో నిమిషం చొప్పున ఇక్కడ పెట్టండి, విని చెబుతాను.